ఆటల పిండిలో ఉప్పు ఎందుకు?

అమెరికాలోని సిన్సినాటి నగరంలో 1930లలో కుటోల్ అనే సబ్బుల కంపెనీ ఒక పిండి ముద్దను డబ్బాల్లో పెట్టి అమ్మేది. అది గోడలు శుభ్రం చేసే ముద్ద. ఆ రోజుల్లో అక్కడి ఇళ్లను చలికాలమంతా బొగ్గు మండించి వెచ్చగా ఉంచుకునేవాళ్లు. మసి అంతా గోడలకు అంటించిన వాల్‌పేపర్ మీద పేరుకునేది. అది ఉత్త కాగితం, తడిగుడ్డతో తుడిస్తే పాడైపోతుంది. అందుకని మెత్తటి పిండి ముద్దను గోడ మీద దొర్లించేవాళ్లు. మసి ముద్దకు అంటుకుని వచ్చేసేది, కాగితం పాడయ్యేది కాదు.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత బొగ్గు స్థానంలో గ్యాస్, చమురు వచ్చాయి. నీళ్లతో కడుక్కోగలిగే వినైల్ వాల్‌పేపర్ కూడా వచ్చింది. ముద్ద కొనేవాళ్లు తగ్గిపోయారు. ఆ కంపెనీ నడిపే జోసెఫ్ మెక్‌విక్కర్ బంధువు కే జూఫాల్ నర్సరీ బడిలో టీచర్. ఆవిడ ఈ ముద్దను బడిపిల్లలకిచ్చి క్రిస్మస్ అలంకరణలు చేయించింది. మామూలు బంకమట్టి కంటే ఇది పసిచేతులకు బాగా లొంగింది. గోడలకు పనికొచ్చే శుభ్రపరిచే పదార్థాలను తీసేసి, వాసన కలిపి, 1956లో దాన్ని ప్లే-డో పేరుతో అమ్మడం మొదలుపెట్టారు. ఆ పేరు పెట్టిందీ జూఫాల్ దంపతులే. ఈ కథ చెప్పినప్పుడల్లా పేరంతా కంపెనీకే వెళ్తుంది. అసలు విషయం కనిపెట్టింది పిల్లల చేతులను రోజూ దగ్గరగా చూసే ఒక టీచర్ అని నాకు అనిపిస్తుంది.

ఆ ముద్దలో ఉన్నవి ముఖ్యంగా గోధుమ పిండి, ఉప్పు, నీళ్లు. మన వంటింట్లో ఎప్పుడూ ఉండేవే. మరి ఇంట్లో చేసుకున్న ముద్ద ఒకసారి అద్భుతంగా కుదిరి, ఇంకోసారి చేతికి అంటుకుని విసిగించడానికి కారణం ఏమిటి? కొలతలు బట్టీ పట్టినంత మాత్రాన ఇది తేలదు. ఏ దినుసు ఏం పని చేస్తోందో తెలిస్తే చాలు, కొలతలు మనమే సరిచేసుకోవచ్చు.

మొదట కొలతలు చెబుతాను. కప్పు మైదా, కప్పు నీళ్లు, పావు కప్పుకు కొంచెం పైన మెత్తటి ఉప్పు, ఒక పెద్ద చెంచా నూనె, రెండు చిన్న చెంచాల నిమ్మరసం. అన్నీ ఉండలు లేకుండా కలిపి, మందపాటి మూకుట్లో సన్న సెగ మీద పెట్టి అట్లకాడతో తిప్పుతూ ఉండాలి. మొదట పల్చగా ఉంటుంది, తర్వాత అక్కడక్కడా గడ్డకడుతుంది. చూస్తుండగానే అంతా ఒక్క ముద్దై మూకుడు అంచులు వదిలేస్తుంది. దించి, చేయి పట్టేంత చల్లారాక బాగా పిసకాలి. పొయ్యి దగ్గర పని పెద్దవాళ్లదే. పిసకడం పిల్లలకు వదిలేయండి, వాళ్లకు ఇష్టమైన పని అదే.

పొయ్యి ఎక్కించకుండా చన్నీళ్లతో కలిపేసినా ముద్ద తయారవుతుంది. కానీ దాని స్వభావం వేరు. గోధుమ పిండిలో గ్లూటెనిన్, గ్లియాడిన్ అనే రెండు రకాల ప్రొటీన్లు ఉంటాయి. నీళ్లు తగిలి, చేత్తో పిసికేకొద్దీ అవి ఒకదానితో ఒకటి పెనవేసుకుని గ్లూటెన్ అనే సాగే వల అవుతాయి. చపాతీ వత్తగానే అంచులు మళ్లీ లోపలికి ముడుచుకునేది అందుకే. చపాతీకి అది మంచి గుణం, బొమ్మకు కాదు. పాప ఎంతో కష్టపడి వినాయకుడి తొండం సాగదీస్తుంది, చేయి వదలగానే అది పొట్టిదైపోతుంది.

వేడి ఈ చిక్కును తీరుస్తుంది. సుమారు 60 డిగ్రీల సెల్సియస్ దాటాక పిండిలోని స్టార్చ్ రేణువులు నీళ్లు పీల్చుకుని ఉబ్బి, జిగురుగా మారతాయి. ఇంకా వేడెక్కితే గ్లూటెన్ కూడా గట్టిపడి తన సాగుడు గుణాన్ని చాలావరకు కోల్పోతుంది. ఇక ముద్దను పట్టి ఉంచేది ఉడికిన స్టార్చే. అది వెనక్కి లాగదు, నొక్కిన చోట నొక్కినట్టు నిలబడుతుంది. ముద్దను ఉడికించడానికి ఇంకో గట్టి కారణం ఉంది. పచ్చి పిండిలో సూక్ష్మజీవులు ఉండవచ్చు. 2016లో అమెరికాలో గోధుమ పిండి ద్వారా ఈ-కోలి బాక్టీరియా వ్యాపించి పలు రాష్ట్రాల్లో జనం జబ్బుపడ్డారు. పచ్చి పిండి ముద్దను పిల్లల చేతికి ఆడుకోవడానికి కూడా ఇవ్వొద్దని అక్కడి ఆహార నియంత్రణ సంస్థ అప్పుడు హెచ్చరించింది. పసిపిల్లల చేయి నోట్లోకి వెళ్లకుండా ఆపడం ఎవరి తరం?

నిమ్మరసంలోని ఆమ్లం స్టార్చ్ పొడవాటి గొలుసులను కొంత తుంచి ముద్దను నునుపు చేస్తుంది. విదేశీ కొలతల్లో ఈ పనికి క్రీమ్ ఆఫ్ టార్టార్ అని రాస్తారు. అది టార్టారిక్ ఆమ్లం నుంచి వచ్చే లవణం. మన చింతపండు పులుపుకు మూలం ఆ ఆమ్లమే. చింతపండు రసం పోస్తే రంగు మారుతుంది కాబట్టి నిమ్మరసమే మేలు. నూనె సంగతి తేలిక: పిండి రేణువుల మీద పూతలా పట్టి, చేతికి అంటుకోకుండా, తొందరగా ఎండకుండా చూస్తుంది.

ఇక ఉప్పు. నా దృష్టిలో ఈ ముద్దలో అన్నిటికంటే ఆసక్తికరమైన దినుసు ఇదే. ఉప్పు లేని పిండి ముద్దను బయట పెడితే ఒకటి రెండు రోజుల్లో పులిసిపోతుంది, ఆపైన బూజు పడుతుంది. ఉప్పు నీటిని తన దగ్గర కట్టిపడేస్తుంది. సూక్ష్మజీవులకు ఎదురుగా నీళ్లున్నా తాగడానికి దొరకవు. ఈ దొరకడాన్ని శాస్త్రజ్ఞులు నీటి చర్య అనే అంకెతో కొలుస్తారు. స్వచ్ఛమైన నీటికి అది 1. ఇక కరగనంత ఉప్పు వేసిన నీటికి 0.75. కుళ్లబెట్టే బాక్టీరియాలో ఎక్కువ భాగం 0.91 కిందా, బూజుల్లో చాలావరకు 0.80 కిందా పెరగలేవు. ఆవకాయ ఏడాదంతా నిలవుండడంలోనూ ఉప్పు చేసే పని ఇదే.

అలాగని ఉప్పు ఎంత వేస్తే అంత మంచిది కాదు. చాలాచోట్ల కప్పు పిండికి అర కప్పు ఉప్పు అని రాస్తారు. లెక్క వేసి చూద్దాం. 100 మిల్లీలీటర్ల నీటిలో మామూలు గది వేడిమి దగ్గర 36 గ్రాముల ఉప్పే కరుగుతుంది. కప్పు అంటే 240 మిల్లీలీటర్ల నీళ్లు, వాటిలో సుమారు 85 గ్రాములు కరుగుతుంది. అర కప్పు ఉప్పు దాదాపు 140 గ్రాములు తూగుతుంది. మిగిలిన ఉప్పు ఎక్కడికి పోతుంది? కరగకుండా ముద్దలోనే ఉండి ఇసుకలా గరగరలాడుతుంది, బొమ్మ ఎండాక పైన తెల్లటి పొడిగా తేలుతుంది. చేతి మీద చిన్న గీత పడి ఉన్న పిల్లలకు మంట కూడా పుడుతుంది. పావు కప్పుకు కొంచెం పైన అన్నది ఈ లెక్క చూసి పెట్టిన కొలతే.

ఉప్పుకు ఇంకో ముఖం ఉంది. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు ఆ తేమను పీల్చుకుని తానే కరగడం మొదలుపెడుతుంది. ఇది పైన చెప్పిన 0.75 అంకే, రెండు వైపుల నుంచి చూస్తున్నామంతే. వానాకాలంలో విశాఖలోనో కాకినాడలోనో ఉప్పు డబ్బా చెమ్మగిల్లినట్టే ఆటల ముద్ద కూడా చెమటపట్టి జారుడుగా అవుతుంది. అదే ముద్ద మే నెలలో రామగుండంలో మూత తీసి వదిలేస్తే సాయంత్రానికి బీటలిస్తుంది. కాబట్టి కోస్తాలో వానలప్పుడు నీళ్లు రెండు చెంచాలు తగ్గించడం, తెలంగాణ ఎండల్లో నూనె ఒక చెంచా పెంచడం మంచిది. ఎక్కడో వేరే దేశంలో రాసిన కొలత మన ఇంట్లో కుదరలేదంటే తప్పు చేతిది కాకపోవచ్చు, గాలిది కావచ్చు.

ముద్దను గాలి చొరని డబ్బాలో పెట్టాలి. ఫ్రిజ్‌లో పెడితే మరుసటి రోజుకు గట్టిపడుతుంది. అది ఎండిపోయినట్టు కాదు. ఉడికిన స్టార్చ్ గొలుసులు చల్లదనంలో మళ్లీ ఒకదాని పక్కన ఒకటి సర్దుకుని గట్టిపడతాయి, రాత్రి అన్నం పొద్దున బిరుసెక్కేది కూడా ఇలాగే. కాస్త వెచ్చచేసి తడిచేత్తో పిసికితే ముద్ద మళ్లీ మెత్తబడుతుంది.

గోధుమ పడని పిల్లలుంటారు. వాళ్ల కోసం బియ్యప్పిండితో చేయాలి. బియ్యంలో గ్లూటెన్ లేదు, చన్నీళ్లతో కలిపితే విడివిడిగా విరిగిపోతుంది. కుడుములు చేసేవాళ్లకూ, జొన్నరొట్టె కొట్టేవాళ్లకూ దీనికి మందు ఎప్పుడో తెలుసు: మరిగే నీళ్లు. ఎసరు నీళ్లలో పిండి పోసి కలపగానే కొంత స్టార్చ్ ఉడికి, మిగతా పిండిని పట్టి ఉంచే జిగురవుతుంది. అదే నీళ్లలో ఉప్పు, నూనె వేసేస్తే బొమ్మలకు పనికొచ్చే తెల్లటి ముద్ద వస్తుంది. మైదా ముద్దంత సాగదు కానీ నునుపులో దానికేమీ తీసిపోదు.

పిండి ముద్దలన్నిటికంటే నాకు ఎక్కువ ముచ్చటైనది మాత్రం వేరే ఉంది. కొండపల్లి బొమ్మలు చేసేవాళ్లు తెల్ల పొణికి కర్రతో చెక్కిన కాళ్లూ చేతులూ తలలూ అతికించడానికి మక్కు అనే ముద్ద వాడతారు. రంపపు పొట్టులో చింతగింజల జిగురు కలిపితే మక్కు తయారవుతుంది. చేర్యాల కళాకారులు ముఖోటాలు (మాస్కులు) మలిచేది కూడా రంపపు పొట్టు, చింతగింజల ముద్దతోనే. వాళ్లు పటాలు వేసే ఖాదీ గుడ్డకు ముందు పూసే పూతలో గంజి, సుద్దమట్టితో పాటు చింతగింజల జిగురు ఉంటుంది. చింతగింజ పప్పులో జైలోగ్లూకాన్ అనే చక్కెర గొలుసు దండిగా ఉంటుంది. నీళ్లలో ఉడికితే అది చిక్కటి జిగురై, ఆరాక గట్టి పొరలా పట్టేస్తుంది.

ఇంట్లో చేయాలంటే గింజలను వేయించి, పై పొట్టు తీసి, పప్పును రాత్రంతా నానబెట్టి, రుబ్బి, నీళ్లు పోసి గంజిలా ఉడికించాలి. రంపపు పొట్టు దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు. పిల్లలతో చేసేటప్పుడు దాని బదులు నానబెట్టి నలిపి పిండిన పాత కాగితం కలపండి. ముఖోటాలు తేలికగా, గట్టిగా వస్తాయి. ఇందులో ఉప్పు లేదు కాబట్టి జిగురు నిలవ ఉండదు, ఏ రోజుది ఆ రోజే వాడేయాలి. బొమ్మను నీడలో నెమ్మదిగా ఆరనివ్వాలి. ఎండలో పెడితే పైపొర ముందు ఆరి కుంచించుకుపోతుంది, లోపల ఇంకా తడే ఉంటుంది. పగుళ్లు వచ్చేది ఆ లాగులాటలోనే.

బొమ్మ ఆరాక రంగులు. ఏ రంగుకైనా రెండు భాగాలు ఉండాలి: కంటికి కనిపించే రంగు పదార్థం, దాన్ని కాగితానికో బొమ్మకో పట్టి ఉంచే జిగురు. చిన్నపిల్లలు వేళ్లతో పూసుకునే రంగుకు కార్న్‌ఫ్లోర్ గంజి చాలు. కప్పు నీళ్లలో మూడు పెద్ద చెంచాలు కలిపి, పారదర్శకంగా మారేవరకు ఉడికిస్తే సరి. కుంచెతో వేసేవాళ్లకు తుమ్మబంక బాగుంటుంది. కొనే వాటర్ కలర్ బిళ్లల్లో ఉండే గమ్ అరబిక్ కూడా తుమ్మజాతి చెట్ల నుంచి వచ్చే బంకే. ఎండిపోయినా తడి కుంచె తగలగానే మళ్లీ కరుగుతుంది. ఉప్పు ముద్దతో చేసిన బొమ్మకు మాత్రం నీళ్ల రంగు పల్చగా, ఒక్కో పూత ఆరాకే ఇంకోటి వేయాలి. ఎక్కువ తడి చేస్తే పైన ఉన్న ఉప్పు కరిగి బొమ్మ జిడ్డుగా తయారవుతుంది.

రంగు పదార్థాల్లో పసుపుది ప్రత్యేక స్థానం. అందులోని కర్కుమిన్ క్షారం తగిలితే ఎర్రబడుతుంది. పసుపూ సున్నం కలిపిన పారాణి ఎర్రగా ఉండేది అందుకే. సున్నం కళ్లలో పడితే చాలా ప్రమాదం, పిల్లల దగ్గర దాన్ని వాడకండి. తినే సోడా కలిపిన నీళ్లతోనే పసుపు నారింజ వైపు తిరగడం చూడొచ్చు. శంఖుపూలు వేడినీళ్లలో వేస్తే వచ్చే నీలం, నిమ్మరసం చుక్క పడగానే ఊదా అవుతుంది. పాలకూర పచ్చదనానికి నిమ్మరసం పడదు. క్లోరోఫిల్ నడుమ ఉన్న మెగ్నీషియాన్ని ఆమ్లం ఊడగొడుతుంది, రంగు మురికి ఆకుపచ్చగా అవుతుంది. బీట్‌రూట్ రసం గులాబీ రంగు మరిగిస్తే వెలిసిపోతుంది, కాబట్టి గంజి చల్లారాకే కలపాలి.

ఇంట్లో చేసినదంతా క్షేమమని అనుకోవడం సరి కాదు. విడిగా అమ్మే పసుపులో మెరుపు కోసం లెడ్ క్రోమేట్ అనే సీసం ఉన్న రంగు పదార్థం కలిపిన కేసులు బంగ్లాదేశ్‌లోనూ మన దేశంలోనూ బయటపడ్డాయి. సీసం పిల్లల మెదడుకు విషం. కొమ్ములు తెచ్చి ఆడించుకున్న పసుపే వాడండి. హోలీ పొడులు, ముగ్గుల రంగులు ఈ పనికి అసలు వద్దు, వాటిలో ఏముందో పొట్లం మీద ఉండదు. స్లైమ్ అనే సాగే జిగట ముద్ద కోసం వెలిగారం కలపమని చెప్పేవాళ్లున్నారు. దాన్ని పిల్లల చేతికి ఇవ్వకూడదు. మన దేశంలో ఇళ్లకు వేసే పెయింట్లలో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90 భాగాలు) దాటకూడదన్న నిబంధన 2017 నవంబర్ నుంచి అమల్లో ఉంది. అంతకుముందు కొని అటక మీద పెట్టిన డబ్బాలోని పెయింట్ బొమ్మలకు వాడకండి. కొనే క్లే అయితే ఐఎస్ఐ గుర్తు చూడండి, 2021 జనవరి నుంచి బొమ్మలకు అది తప్పనిసరి. ఆటల ముద్దలో ఉప్పు ఎక్కువ కాబట్టి రుచి చూసిన పిల్లలు సాధారణంగా వెంటనే ఉమ్మేస్తారు. పెంపుడు కుక్కలు మాత్రం మొత్తం మింగేస్తాయి, వాటికి అంత ఉప్పు ప్రాణాంతకం.

మొక్కల నుంచి తీసిన రంగులు ఎక్కువ కాలం నిలవవు. వెలుతురు వాటి అణువులను విరగ్గొడుతుంది. జేగురు అనే ఎర్రమట్టిలో ఉన్నది ఐరన్ ఆక్సైడ్, బొగ్గులో కార్బన్. ఎండ వాటిని ఏమీ చేయలేదు. మధ్యప్రదేశ్‌లోని భీంబేట్కా గుహల్లో వేల ఏళ్ల నాటి బొమ్మలు ఎర్రగానే ఉన్నాయంటే ఆ ఖనిజం వల్లే. ఈ తేడాను పిల్లలే పరీక్షించి చూడొచ్చు. ఒకే కాగితం మీద ఒక పట్టీ పసుపుతో, ఒకటి బీట్‌రూట్‌తో, ఒకటి జేగురుతో పూయించండి. సగం కాగితాన్ని అట్టతో కప్పి ఎండలో పెట్టించి, కొన్ని రోజుల తర్వాత అట్ట తీయమనండి. ఏ పట్టీ ఎంత వెలిసిందో వాళ్ల నోటితోనే చెప్పించి, తేదీ వేసి నోట్‌బుక్‌లో రాయించండి.