పొగ మ్యాప్ వేరు, ముప్పు మ్యాప్ వేరు

గాలిలో సన్నని ధూళి ఎక్కడ ఎక్కువుందో చూపే ప్రపంచ పటంలో కొట్టొచ్చినట్టు కనిపించేది సహారా ఎడారి. ఇసుక గాలుల వల్ల అక్కడ పీఎం 2.5 అనే ఈ సన్నని ధూళి చాలా ఎక్కువ. అదే ధూళి వల్ల ఎంతమంది ఆయుష్షు తీరకముందే పోతున్నారో లెక్కగట్టి పటం గీస్తే సహారాలో చాలా భాగం వెలవెలబోతుంది. అక్కడ ఆ గాలి పీల్చే మనుషులు తక్కువ. ముదురు రంగంతా మన గంగా మైదానం మీద, తూర్పు చైనా మీద పడుతుంది.

పీఎం 2.5 అంటే 2.5 మైక్రాన్లకు మించని కణాలు. వెంట్రుక మందంలో ఇరవయ్యో వంతు కూడా ఉండవు. ముక్కులో, గొంతులో ఆగకుండా ఊపిరితిత్తుల చివరి గాలి సంచుల దాకా పోతాయి. మరీ చిన్నవి రక్తంలోకీ చేరతాయి. అందుకే వీటి దెబ్బ దగ్గు, ఆయాసాలతో ఆగదు. గుండెపోటు, పక్షవాతం దాకా వెళ్తుంది. అమెరికాలో ఆరు నగరాల జనాన్ని ఏళ్ల తరబడి గమనించి 1993లో ప్రచురించిన అధ్యయనం ఈ సంగతిని గట్టిగా చెప్పింది. సిగరెట్ అలవాటు లాంటివి లెక్కలోంచి తీసేశాక కూడా, అన్నిటికన్నా మురికి గాలి ఉన్న స్టూబెన్‌విల్‌లో మరణాల రేటు శుభ్రమైన పోర్టేజ్ కన్నా 26 శాతం ఎక్కువగా తేలింది.

మరి గాలిలో ధూళిని కొలిచే మానిటర్లే లేని ఊళ్ల సంగతి ఎలా తెలుస్తుంది? నాసా 1999లో పంపిన టెర్రా ఉపగ్రహంలోని మోడిస్ పరికరం భూమి నుంచి పైకి వచ్చే సూర్యకాంతిని కొలుస్తుంది. గాలిలో ధూళిని బట్టి ఆ వెలుగు చెదురుతుంది. చిక్కేమిటంటే, అది నేల నుంచి పైదాకా ఉన్న మొత్తం ధూళిని కలిపి చూస్తుంది. మనం పీల్చేది మనిషి ఎత్తులో ఉన్న గాలిని. అంతే ధూళి చలికాలం ఉదయం నేలను పట్టుకుని ఉండొచ్చు, ఎండాకాలం మధ్యాహ్నం కిలోమీటర్ల ఎత్తుకు పరుచుకోవచ్చు. పైనుంచి రెండూ ఒకలాగే కనిపిస్తాయి. ఈ తేడాను కంప్యూటర్ వాతావరణ మోడళ్లతో అంచనా వేసి, మానిటర్ల రీడింగులతో సరిచూసుకోవాలి. కెనడాలోని డల్హౌసీ యూనివర్సిటీ బృందం ఇలాగే ప్రపంచమంతటికీ పీఎం 2.5 పటం తయారుచేసి 2010లో ప్రచురించింది.

దాని మీద జనసాంద్రత, ఏ వయసువాళ్లు ఏ జబ్బులతో ఎంతమంది పోతున్నారన్న లెక్క కలిపితేనే ముప్పు పటం. నార్త్ కరోలినా యూనివర్సిటీకి చెందిన జేసన్ వెస్ట్ బృందం 2013లో ఇలాంటి లెక్కే కట్టింది. వాళ్లు మోడళ్లతో 1850 నాటి గాలిని, 2000 నాటి గాలిని పోల్చారు. మనుషుల వల్ల పెరిగిన పీఎం 2.5 కారణంగా ఏటా సుమారు 21 లక్షల అకాల మరణాలని అంచనా. ఆ పటంలో అమెరికా ఆగ్నేయ ప్రాంతం మాత్రం, మరణాలు తగ్గాయనడానికి గుర్తుగా, నీలంగా ఉంది. అక్కడ 1850లో కన్నా పొగ తగ్గింది, చెట్టూ చేమా తగలబెట్టడం తగ్గిపోయింది కాబట్టి.

నాకు ఈ పటంతో ఒక పేచీ ఉంది. అందులో రంగు వెయ్యి చదరపు కిలోమీటర్లకు ఎన్ని మరణాలన్న దాన్ని బట్టి పడుతుంది. జనం పలచగా ఉన్న పల్లె లేత రంగులో కనిపిస్తుంది. అక్కడున్న ఒక్కో మనిషి ఊపిరితిత్తులకు మాత్రం ముప్పు తక్కువని కాదు. హైదరాబాద్ దగ్గరి 28 పల్లెల్లో జరిగిన అధ్యయనం చూడండి. అక్కడ పీఎం 2.5 ఏడాది సగటు ఘనపు మీటరుకు 32.8 మైక్రోగ్రాములు. మన దేశపు పరిమితి 40 కాబట్టి కాగితం మీద ఆ గాలి మంచిదే. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన పరిమితి 5. ఆ పల్లెల్లో ఈ ధూళి ఎక్కువున్నచోట జనం ఎముకల్లో ఖనిజాలు తక్కువగా కనిపించాయని 2020లో ప్రచురించారు. గుండె, ఊపిరితిత్తులే కాదు, నడుము, తుంటి ఎముకల మాట అది.

అదే ప్రాజెక్టులో కొందరికి కెమెరాలు, ధూళి కొలిచే పరికరాలు తగిలించారు, ఏ పని చేస్తున్నప్పుడు ఎంత పీలుస్తున్నారో తెలియడానికి. ఆడవాళ్ల విషయంలో మోతాదు పెంచేది ముఖ్యంగా కట్టెల పొయ్యి. ఊరి సగటు ఎంత పక్కాగా తెలిసినా పొయ్యి ముందు కూర్చున్న మనిషి పీల్చేది అందులో ఉండదు. ఇంటి కప్పు కింద పొగ ఏ ఉపగ్రహానికీ అందదు.