షాంపూ సీసాలో బుడగలు

చంటిబిడ్డకు న్యుమోనియా ముదిరితే ఊపిరి తీసే ప్రతిసారీ డొక్కలు లోపలికి పోతాయి. మన ఇళ్లలో పెద్దవాళ్లు ‘డొక్కలెగరేస్తున్నాడు’ అంటారే, అదే. అప్పుడు రక్తంలో ఆక్సిజన్ 90 శాతం కన్నా తగ్గితే ప్రాణానికే ముప్పు. ఏడాది నిండని పిల్లలకు, తిండి చాలక చిక్కిపోయిన పిల్లలకు ఆ ముప్పు ఇంకా ఎక్కువ. బాగా చిక్కిన బిడ్డకు ఒక్కోసారి జ్వరం కూడా రాదు. నీరసంగా పడుకున్నాడులే అనుకుంటాం.

ఇలాంటి పిల్లల కోసం బంగ్లాదేశ్‌లో డాక్టర్ మొహమ్మద్ జోబాయెర్ చిష్తీ ఖాళీ షాంపూ సీసా వాడారు. బిడ్డకు ముక్కు గొట్టంతో ఆక్సిజన్ పెడతారు. వదిలిన గాలి పోయే గొట్టం చివరను సీసాలోని నీళ్లలో ముంచుతారు. గాలి ఆ నీటిని నెట్టుకుని బుడగలుగా బయటికి రావాలి. ఆ ఎదురు ఒత్తిడి వల్ల ఊపిరితిత్తుల్లోని చిన్న చిన్న గాలి గదులు ముడుచుకుపోకుండా తెరుచుకుని ఉంటాయి. గొట్టం ఎంత లోతుగా మునిగితే ఒత్తిడి అంత పెరుగుతుంది. బుడగలు ఆగిపోతే ఎక్కడో గాలి లీకవుతూ ఉండొచ్చు.

ఢాకాలో 225 మంది పిల్లలపై చేసిన ఈ పరీక్ష ఫలితాలు 2015లో వచ్చాయి. మామూలుగా తక్కువ వేగంతో ఆక్సిజన్ ఇచ్చినవారిలో 15 శాతం చనిపోతే, బుడగల పద్ధతిలో 4 శాతమే. ఎంత ఆశ కలిగించే ఫలితమో!

ఆఫ్రికా దేశమైన మలావిలో మాత్రం కథ తిరగబడింది. అక్కడ ఒక జిల్లా ఆసుపత్రిలో హెచ్ఐవీ, తీవ్ర పోషకాహార లోపం, ఆక్సిజన్ తగ్గడం వంటి ముప్పులున్న 644 మందిపై పరీక్షించారు. 2019లో వచ్చిన ఫలితాల ప్రకారం బుడగల పద్ధతిలో 17 శాతం మంది, మామూలు ఆక్సిజన్‌తో 11 శాతం మంది చనిపోయారు. రెండు చోట్లా పిల్లలు ఒకేలాంటివారు కాదు కాబట్టి అంకెల్ని నేరుగా పోల్చకూడదు. కానీ ఒక తేడా నన్ను వదలడం లేదు. ఢాకాలో డాక్టర్లు వార్డులోనే ఉండి చూసుకున్నారు, మలావిలో ఆ పర్యవేక్షణ లేదు. మన జిల్లా ఆసుపత్రులకు కొత్త పరికరం వచ్చిందంటే, రాత్రి షిఫ్టులో దాన్ని చూసే నర్సులు ఎందరని నేను ముందు అడుగుతాను. ఎందుకంటే ఈ పద్ధతిలో గాలి పొట్టలోకీ చేరుతుంది. పొట్ట ఉబ్బి బిడ్డ వాంతి చేసుకుంటే అది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. పొట్ట ఉబ్బుతోందని ముందే గమనించి, ఆ గాలిని గొట్టంతో తీసేయడానికి పక్కన మనిషి ఉండాలి.