లెక్కకు మించిన మెసాన్లు, లెక్కకు తగ్గిన మెసాన్లు

హైదరాబాద్‌లో ఈసీఐఎల్ ప్రాంతంలో టాటా మౌలిక పరిశోధన సంస్థకు ఒక బెలూన్ కేంద్రం ఉంది. 1969 నుంచి అక్కడ పలుచని ప్లాస్టిక్‌తో చేసిన భారీ బెలూన్లు పరికరాలను మోసుకుంటూ 30, 40 కిలోమీటర్ల ఎత్తుకు వెళుతున్నాయి. అంతకు ముందే ఈ నగరం నుంచి విశ్వకిరణాల, అంటే అంతరిక్షం నుంచి దూసుకొచ్చే కణాల పరిశోధనకు బెలూన్లు ఎగిరాయి. ఆ పరిశోధనకు హైదరాబాద్ ఆకాశం ఒక విధంగా చాలా అనువైనది. భూ అయస్కాంత మధ్యరేఖ ఇక్కడికి దగ్గర. తక్కువ శక్తి కణాలను భూమి అయస్కాంత క్షేత్రం పక్కకు మళ్లించేస్తుంది. నిట్టనిలువుగా వచ్చే ప్రోటాన్‌కు సుమారు 1,600 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టుల (కణాల శక్తిని కొలిచే కొలమానం ఇది) శక్తి ఉంటే తప్ప మన పైనున్న గాలిని తాకలేదు.

అలా వచ్చేవాటిలో ఎక్కువ భాగం ప్రోటాన్లే అయినా, హీలియం, కార్బన్, ఇనుము కేంద్రకాలు కూడా ఉంటాయి. 26 ప్రోటాన్లు, 30 న్యూట్రాన్లు ఉన్న ఇనుము కేంద్రకం గాలిలోని నైట్రోజన్ కేంద్రకాన్ని ఢీకొట్టిందనుకోండి. జెనీవాలో 27 కిలోమీటర్ల సొరంగం తవ్వి సీసపు కేంద్రకాలను ఢీకొట్టి చేసే పని లాంటిదే అప్పుడు మన ఆకాశంలో జరుగుతుంది. ఆ తాకిడిలో మెసాన్లు పుడతాయి. వాటిలో ఎక్కువ భాగం పయాన్లు. ఆవేశం ఉన్న పయాన్ సగటున 26 నానోసెకన్లు మాత్రమే బతికి, ఎలక్ట్రాన్ లాంటిదే అయినా దానికన్నా చాలా బరువైన మ్యూయాన్‌గా మారుతుంది. ట్యాంక్‌బండ్ మీద నిలబడి అరచేయి చాచితే, నిమిషానికి సుమారు వంద మ్యూయాన్లు దాని గుండా దూసుకుపోతాయి. వాటిలో చాలా భాగానికి పయాన్లే పుట్టిల్లు.

మెసాన్ అంటే ఒక క్వార్క్, ఒక ప్రతిక్వార్క్ కలిసి ఏర్పడిన కణం. ప్రోటాన్‌లోనైనా, న్యూట్రాన్‌లోనైనా మూడు క్వార్కులు ఉంటాయి. ఢీకొన్న కేంద్రకాలు పగిలితే బయటపడే ముక్కలు మెసాన్లని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. తాకిడికి ముందు ఆ మెసాన్లు అక్కడ లేవు. కేంద్రకాలు మోసుకొచ్చిన చలనశక్తిలో కొంత భాగం ద్రవ్యరాశిగా మారి అవి కొత్తగా పుడతాయి. అందుకే ఏ రకం మెసాన్ ఎన్ని పుట్టాయన్న లెక్కకు ఇంత విలువ. రెండు ప్రోటాన్లు విడిగా ఢీకొంటే ఎన్ని పుట్టాలో మనకు తెలుసు. రెండు కేంద్రకాలు ఢీకొన్నప్పుడు ఆ లెక్కకు మించి పుట్టినా, తగ్గినా, ఆ తేడాకు కారణం గుంపులో ఉంది.

మెసాన్ ఉండాలని 1935లో జపాన్‌కు చెందిన హిడెకి యుకావా ఊహించారు. పయాన్‌ను స్పష్టంగా చూసింది 1947లో, బ్రిస్టల్‌లో సెసిల్ పావెల్ బృందం. వారి పరికరం ఫోటో ప్లేటు. సిల్వర్ బ్రోమైడ్ రేణువులు దట్టంగా నింపిన జెలటిన్ పూత గుండా ఆవేశ కణం వెళితే, ప్లేటును కడిగాక దాని దారి నల్లని చుక్కల వరసగా మైక్రోస్కోపులో కనిపిస్తుంది. బరువైన కేంద్రకం దారి లావుగా ఉంటుంది, దాని పక్కల నుంచి సన్నని నూగులా ఎలక్ట్రాన్ల జాడలు లేస్తాయి. తాకిడి జరిగిన బిందువు నుంచి అన్ని దిక్కులకూ గీతలు చిమ్ముతాయి. ఆ గీతల్లో ఒకటి వంకరటింకరగా నడుస్తూ, చివరికొచ్చే కొద్దీ చిక్కనై, ఒక చోట ఆగుతుంది. అది పయాన్. ఆగిన చోటు నుంచే కొత్త గీత మొదలై సుమారు 0.6 మిల్లీమీటర్లు సాగి ముగుస్తుంది. అది మ్యూయాన్. ఎన్ని ప్లేట్లు చూసినా ఆ పొడవు అంతే. ప్రతిసారీ అదే పొడవు వచ్చిందంటే పయాన్ సరిగ్గా రెండు కణాలుగా విడిపోతోందనీ, మ్యూయాన్‌కు జోడీగా కంటికి కనపడనిది ఇంకొకటి పుడుతోందనీ అర్థం. మైక్రోస్కోపు, స్కేలు, ఓపిక, ఈ మూడింటితో రాబట్టిన ఫలితం అది.

మన దేశంలో ఇదే పద్ధతిని బిభా చౌధురి, దేవేంద్ర మోహన్ బోస్ అంతకు ముందే పట్టుకున్నారు. డార్జిలింగ్ కొండల్లో ప్లేట్లను ఉంచి, ఎలక్ట్రాన్‌కు సుమారు 200 రెట్లు బరువున్న కణాల జాడలను 1941, 1942లో ప్రచురించారు. యుద్ధకాలంలో మెరుగైన ప్లేట్లు దొరక్క ఆ పని ముందుకు సాగలేదు. ఆమె పేరు మన పాఠ్యపుస్తకాల్లో ఉండి తీరాలని నా అభిప్రాయం.

1948లో అమెరికాలోని బర్కిలీలో యూజీన్ గార్డ్‌నర్, సీజర్ లాటెస్ మొదటిసారి యంత్రంతో పయాన్లను పుట్టించారు. ప్రోటాన్లతో కాదు, హీలియం కేంద్రకాలతో కార్బన్‌ను కొట్టి. అంటే మనిషి పుట్టించిన మొట్టమొదటి మెసాన్లే రెండు కేంద్రకాల తాకిడిలో పుట్టాయి.

ఇక్కడే ఒక చిక్కు ఉంది. ద్రవ్యరాశిని కూడా శక్తి లెక్కలోనే చెబితే, పయాన్ ద్రవ్యరాశి 14 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టులు. ప్రోటాన్‌తో, కదలకుండా ఉన్న మరో ప్రోటాన్‌ను కొట్టి పయాన్‌ను పుట్టించాలంటే 14 కోట్లు చాలవు, దాదాపు 29 కోట్లు కావాలి. ద్రవ్యవేగం నిలిచి ఉండాలి కనుక, తాకిడి తర్వాత కణాలన్నీ ముందుకు కదలక తప్పదు. శక్తిలో సగం ఆ కదలికకే పోతుంది. బర్కిలీ హీలియం కేంద్రకాల శక్తి మొత్తం 38 కోట్లు, లోపలి రెండు ప్రోటాన్లు, రెండు న్యూట్రాన్లు, మొత్తం నాలుగు కణాలకు పంచితే తలా తొమ్మిదిన్నర కోట్లే. అయినా పయాన్లు పుట్టాయి. ఎందుకంటే కేంద్రకంలో ప్రోటాన్లు, న్యూట్రాన్లు ఊరికే కూర్చోవు, లోపల ఎప్పుడూ వేగంగా తిరుగుతూనే ఉంటాయి. ఒకటి ఇటు నుంచి, మరొకటి అటు నుంచి ఎదురెదురుగా తగిలిన క్షణంలో కొరత తీరిపోతుంది.

ఈ మొత్తం శాస్త్రంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ప్రయోగం ఈ చిక్కులోంచే వచ్చింది. కేయాన్ అంటే పయాన్ కన్నా బరువైన మెసాన్. కె-ప్లస్ అనే కేయాన్ పుట్టాలంటే, దానితో పాటు లాంబ్డా అనే కణం కూడా పుట్టాలి. రెంటికీ కలిపి అదనంగా కావలసిన ద్రవ్యరాశి 67 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టులు. పైన చెప్పిన కారణం వల్ల దూసుకొచ్చే ప్రోటాన్‌కు 158 కోట్లు ఉండాలి. జర్మనీలోని డార్మ్‌స్టాట్‌లో బంగారు కేంద్రకాలను కణానికి 80 కోట్ల నుంచి 150 కోట్ల దాకా శక్తితో కొట్టి చూశారు. చాలని శక్తే. లోపలి తిరుగుడు కలుపుకున్నా, 80 కోట్ల దగ్గర ఇంత లోటు పూడటం కష్టం. కానీ కేయాన్లు పుట్టాయి.

చీటీ లాగే ఇక్కడా ఒక్కరి సొమ్ము చాలదు, నలుగురిదీ ఒకచోట చేరాలి. మొదటి తాకిడిలో ఒక ప్రోటాన్ తనకు అందిన శక్తిని దాచుకుని డెల్టా అనే బరువైన రూపానికి మారుతుంది. డెల్టా ఆయుష్షు ఎంత తక్కువంటే, అది విడిపోయేలోపు కాంతి కూడా ఒక ప్రోటాన్ వెడల్పుకు మించి పెద్ద దూరం పోలేదు. ఆ కాస్త వ్యవధిలోనే అది మరో కణాన్ని ఢీకొనాలి. అప్పుడు దాచిన శక్తి, కొత్త తాకిడి శక్తి కలిసి కేయాన్ ఖర్చుకు సరిపోతాయి. అంత త్వరగా రెండో కణం తగలాలంటే చుట్టూ ఎంత ఇరుకుగా ఉండాలో ఊహించండి. కనుక పుట్టిన కేయాన్ల సంఖ్య, తాకిడి నడిమధ్యలో పదార్థం ఎంతగా నొక్కుకుపోయిందో చెబుతుంది. కె-ప్లస్‌లో ఇంకో సుగుణం ఉంది. దానిలో ఉన్నది స్ట్రేంజ్ క్వార్క్‌కు ప్రతిక్వార్క్. చుట్టూ ఉన్న ప్రోటాన్లు, న్యూట్రాన్లలో దాన్ని రద్దు చేసే జోడీ లేదు. పయాన్ అలా కాదు, బయటికి వచ్చే దారిలో మళ్లీ మళ్లీ మింగుడుపడి తిరిగి పుడుతుంది. పుట్టిన చోటి కబురును చెడకుండా తెచ్చేది కేయానే.

బంగారంలో పుట్టిన కేయాన్లను కార్బన్‌లో పుట్టినవాటితో, కణానికి ఎన్ని అన్న లెక్కన పోల్చారు. శక్తి తగ్గే కొద్దీ బంగారం వైపు మొగ్గు పెరిగింది. కార్బన్ చిన్నది, దాన్ని పెద్దగా నొక్కలేం. బంగారాన్ని నొక్కగలం. సిద్ధాంత లెక్కలతో సరిచూస్తే, మామూలు సాంద్రతకు రెండు మూడు రెట్ల దాకా కేంద్రక పదార్థం కాస్త మెత్తగానే లొంగుతుందని 2001 నాటికి తేలింది. భారీ నక్షత్రాలు పేలాక మిగిలే, కేంద్రకమంత చిక్కని న్యూట్రాన్ నక్షత్రాలకు ఇది సూటిగా సంబంధించిన సంగతి. 2010లో సూర్యుడికి దాదాపు రెండింతల ద్రవ్యరాశి ఉన్న న్యూట్రాన్ నక్షత్రాన్ని కొలిచారు. అంత బరువును ఆపాలంటే లోపలి పదార్థం గట్టిగా ఎదురొత్తాలి. అంటే రెండు మూడు రెట్ల దాకా మెత్తగా ఉన్న పదార్థం, ఆపైన సాంద్రతల్లో గట్టిపడాలి.

ఇక శక్తి మరీ పెంచితే కథ మారుతుంది. 2010లో జెనీవాలో సీసపు కేంద్రకాలను ఎదురెదురుగా ఢీకొట్టడం మొదలుపెట్టారు. లోపలికి వెళ్లిన ఆవేశాలు 82, 82, మొత్తం 164. సూటిగా తగిలిన ఒక్కో తాకిడి నుంచి బయటికి వచ్చిన ఆవేశ కణాలు సుమారు 17 వేలు. ధన, రుణ కణాలు జంటలుగా పుడతాయి కనుక మొత్తం ఆవేశం 164 దగ్గరే నిలుస్తుంది. మిగిలినవన్నీ కొత్తగా పుట్టినవి, అత్యధికం పయాన్లు. ఇక్కడ ప్రోటాన్లు, న్యూట్రాన్లు కరిగి క్వార్కులు, వాటిని అతికించి ఉంచే గ్లుయాన్లు కలగలిసిన ప్లాస్మా ఏర్పడుతుంది. అది చల్లారి మళ్లీ కణాలుగా మారే ఉష్ణోగ్రతను పయాన్లు, కేయాన్లు, ప్రోటాన్ల నిష్పత్తుల నుంచే రాబట్టారు. అది సుమారు 1.8 లక్షల కోట్ల డిగ్రీలు, సూర్యుడి గర్భం కన్నా లక్ష రెట్లకు పైగా వేడి.

ప్లాస్మా ఏర్పడిందని చెప్పే సాక్ష్యాల్లో ఒకటి తగ్గుదల. జె-సై అనే మెసాన్‌లో చార్మ్ క్వార్క్, దాని ప్రతిక్వార్క్ గట్టిగా అతుక్కుని ఉంటాయి. చుట్టూ ప్లాస్మా ఉంటే ఇతర క్వార్కులు, గ్లుయాన్లు అడ్డుపడి ఆ ఆకర్షణను మరుగుపరుస్తాయని, జె-సై లెక్కకు తగ్గుతుందని 1986లో తెత్సువో మత్సుయ్, హెల్ముట్ సాట్జ్ చెప్పారు. ప్రయోగాల్లో తగ్గింది కూడా. కానీ జెనీవాలో శక్తి ఇంకా పెంచాక, అమెరికాలోని బ్రూక్‌హేవెన్‌లో కనిపించినంత తగ్గుదల కనిపించలేదు. ఒక్కో తాకిడిలో చార్మ్ జంటలు అన్నేసి పుట్టడంతో, విడిపోయినవి చివర్లో కొత్త జోడీలతో కలిసి మళ్లీ జె-సైలు అయ్యాయన్నది దీనికి ఎక్కువమంది ఒప్పుకునే వివరణ. చార్మ్ కన్నా బరువైన బాటమ్ క్వార్క్, దాని ప్రతిక్వార్క్ జోడీ అయిన అప్సిలాన్ మెసాన్ల దగ్గర ఈ గందరగోళం తక్కువ. జోడీ ఎంత బిగుతుగా ఉందన్నదాన్ని బట్టి వాటిలో మూడు మెట్లు ఉన్నాయి. అన్నిటికన్నా బిగుతైనది సుమారు సగం నిలిచింది, వదులైన రెండూ బాగా తగ్గిపోయాయి. 2012లో వచ్చిన ఈ ఫలితాన్ని చూస్తే కరగడం అన్న మాట మీద నమ్మకం కుదురుతుంది.

ఈ కొలతల్లో మన దేశం వాటా గట్టిదే. ఆవేశం లేని పయాన్ విడిపోయి ఇచ్చే ఫోటాన్లను లెక్కపెట్టే పరికరాన్ని కోల్‌కతాలోని వేరియబుల్ ఎనర్జీ సైక్లోట్రాన్ సెంటర్ ముందు నిలిచి బ్రూక్‌హేవెన్‌కూ, జెనీవాకూ తయారు చేసింది. జె-సై నుంచి వచ్చే మ్యూయాన్లను పట్టే పరికరంలోని మానస్ అనే చిప్‌ను సాహా ఇన్‌స్టిట్యూట్ రూపొందించింది. డార్మ్‌స్టాట్‌లోనే కడుతున్న ఫెయిర్ అనే కొత్త యంత్రం అయస్కాంతాలకు పవర్ కన్వర్టర్లు హైదరాబాద్ ఈసీఐఎల్ నుంచి వెళ్లాయి. అయస్కాంతంలో విద్యుత్తు రవ్వంత చలించినా కేంద్రకాల గుంపు దారి తప్పుతుంది కనుక అది చిన్న పని కాదు. ఫెయిర్‌లో సెకనుకు కోటి తాకిడుల దాకా చూడగల ప్రయోగం ఒకటి సిద్ధమవుతోంది. బంగారు కేంద్రకాలను కణానికి 1,100 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టుల దాకా తీసుకెళ్లి, న్యూట్రాన్ నక్షత్రపు గర్భంలో ఉండే సాంద్రతల దగ్గర కేయాన్లు, జె-సైలు ఎన్ని పుడతాయో అందులో లెక్కపెడతారు. మెత్తగా మొదలైన పదార్థం ఏ సాంద్రత దగ్గర గట్టిపడుతుందో వెతకబోయేది అక్కడే.