‘ఒక అడుగు ముందుకు’ ఆట: అపోహలు - వాస్తవాలు

ప్రివిలేజ్ (పుట్టుకతోనో, పరిస్థితుల వల్లనో కొందరికే అడగకుండా దక్కే వెసులుబాటు) గురించి, అసమానతల గురించి యువతకు చెప్పాలనుకునేవాళ్లు ముందుగా ఎంచుకునేది ఈ ఆటనే. అందరూ ఒకే గీత మీద నిలబడతారు. ఫెసిలిటేటర్ (ఆట నడిపించేవాళ్లు) ఒక్కో వాక్యం చదువుతుంటే, అది తమకు వర్తించినవాళ్లు ఒక అడుగు ముందుకు వేస్తారు. ఆడించడం సులువే, చెడగొట్టడం ఇంకా సులువు.

అపోహ: ఎవరి జీవితాన్ని బట్టి వాళ్లు అడుగు వేస్తేనే ఆట పండుతుంది.

వాస్తవం: అలా ఆడిస్తే ఇంట్లో అప్పులు, నాన్న తాగుడు, అమ్మ చదువు అన్నీ తోటివాళ్ల ముందు బయటపడతాయి. వెనకబడ్డవాళ్లకు ఇందులో కొత్తగా తెలిసేదేమీ ఉండదు. వాళ్లను నలుగురిలో నిలబెట్టి ముందున్నవాళ్లకు పాఠం చెప్పినట్టవుతుంది. పైగా సిగ్గుతో కొందరు లేని అడుగులు వేస్తారు.

అందుకే పాత్రల కార్డులు వాడాలి: ఎవరికి వచ్చిన కార్డు మీద ఏ మనిషి గురించి రాసి ఉందో, వాళ్లు ఆ మనిషిగా ఊహించుకుని అడుగులు వేస్తారు. 20 మంది ఉంటే 10 రకాల కార్డులు రాసి, ఒక్కో రకం ఇద్దరికి ఇవ్వండి. ఎవరి కార్డు ఏమిటో చివరిదాకా చెప్పకూడదు. ఆట ముగిసేసరికి ఒకే కార్డు ఉన్న ఇద్దరు ఐదారు అడుగుల దూరంలో నిలబడి ఉండటం మామూలే. అది పొరపాటేమీ కాదు. ఆ పాత్ర గురించి ఎవరేం ఊహించుకున్నారో అడగడానికి అంతకన్నా మంచి అదను దొరకదు.

అపోహ: కార్డు మీద ‘పేద అమ్మాయి’, ‘డబ్బున్న అబ్బాయి’ అని రాస్తే సరిపోతుంది.

వాస్తవం: మిగతాదంతా సినిమాల్లో చూసినదానితో నింపేసుకుంటారు. వయసు, ఇల్లు, చదువు, పని, ఆరోగ్యం వంటివాటిలో మూడైనా ఉండాలి, అవన్నీ ఒకే వైపు మొగ్గకూడదు: ‘చక్రాల కుర్చీ వాడే 19 ఏళ్ల యువతి, తండ్రి పెద్ద వ్యాపారి’. గదిలో ఉన్న ఎవరినైనా అచ్చంగా పోలిన కార్డు ఉంటే పక్కన పెట్టేయండి. కార్డులు పంచాక రెండు నిమిషాలు మౌనంగా ఉండనివ్వాలి. చిన్నప్పుడు ఎలాంటి ఇంట్లో పెరిగారు, పొద్దున లేచి ఏం చేస్తారు, దేనికి భయపడతారు అని మధ్యమధ్యలో మెల్లగా అడగండి.

వాక్యాలు 15 నుంచి 18 చాలు. అన్నీ డబ్బు చుట్టూ తిరిగితే పేద-ధనిక తేడా తప్ప ఇంకేమీ కనిపించదు. భద్రత, తీరిక, మన మాట ఎదుటివాళ్లు నమ్మడం, ఇవీ రావాలి. ‘రాత్రిపూట బస్సులో ఒంటరిగా భయం లేకుండా వెళ్లగలను’ మంచి వాక్యం. ‘నాకు ఏ ఇబ్బందీ లేదని చెప్పలేను’ లాంటిది చదివితే అడుగు వేయాలో వద్దో తెలియక సగం మంది పక్కవాళ్ల కాళ్లు చూస్తారు.

అపోహ: చిన్నపిల్లలకు ఇవన్నీ అర్థం కావు.

వాస్తవం: పదేళ్ల పిల్లలకు కాగితపు ఉండల ఆట చాలు. ముందు వరసకు ఎదురుగా చెత్తబుట్ట పెట్టి, ఎవరి చోటు నుంచి వాళ్లు కదలకుండా ఉండ విసరమనాలి. వెనక వరసలు వెంటనే గొడవ మొదలుపెడతాయి, ముందు వరస నోరు మెదపదు. ఆ తేడా గురించే అడగండి.

ఇందులో ఒక చిక్కుంది. చివరి వరసలో ఒకరి ఉండ బుట్టలో పడుతుంది, ‘చూశారా, కష్టపడితే ఎవరైనా వేయగలరు’ అని ఒకరు అననే అంటారు. ఆ మాటను ఖండించకండి. ఇంకో రెండు రౌండ్లు ఆడించి, వరసల వారీగా ఎన్ని పడ్డాయో బోర్డు మీద రాయండి. ఒక్కరి గురి వేరు, వరస మొత్తానికి దక్కిన అవకాశం వేరు అని అంకెలే చెబుతాయి.

అపోహ: కన్నీళ్లు వచ్చాయంటే కార్యక్రమం బాగా జరిగినట్టే.

వాస్తవం: 1968 ఏప్రిల్‌లో మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగిన మర్నాడు, అమెరికాలోని అయోవాలో జేన్ ఇలియట్ అనే టీచర్ తన మూడో తరగతి పిల్లలను కళ్ల రంగును బట్టి రెండు జట్లు చేసి, ఒక జట్టును తక్కువగా చూశారు. తర్వాత జట్ల స్థానాలు మార్చారు. ఆ ప్రయోగానికి ఎంత పేరొచ్చిందో, పిల్లలను అలా బాధపెట్టవచ్చా అన్న వాదన కూడా అంతే ఉంది. ముందుగా చెప్పకుండా, వద్దనుకుంటే తప్పుకునే వీలివ్వకుండా అలాంటివి చేయకూడదన్నదే మా అభిప్రాయం.

నేర్పేది ఆట తర్వాతి చర్చ. గంట సమయం ఉంటే ఆటకు 20 నిమిషాలు, చర్చకు కనీసం 35. నిలబడిన చోటు నుంచే చుట్టూ చూడమని, కార్డులు వెనక్కి తీసుకుని, ఎవరి పేరు వాళ్లు చెప్పుకుని పాత్రలోంచి బయటికి రమ్మనాలి. ఇది మరిస్తే చర్చ అంతా ‘నేను’ మీద నడిచి, ఆ ‘నేను’ పాత్రో మనిషో ఎవరికీ తెలియదు.

అపోహ: ప్రివిలేజ్ గురించి తెలిస్తే సానుభూతి దానంతటదే పెరుగుతుంది.

వాస్తవం: 2019లో వచ్చిన ఒక అమెరికన్ అధ్యయనంలో, తెల్లజాతి ప్రివిలేజ్ గురించి చదివిన ఉదారవాదులకు పేద తెల్లవాళ్ల మీద సానుభూతి తగ్గింది. పేద నల్లవాళ్ల మీద మాత్రం పెరగలేదు. ఒక్క కొలతతోనే మనిషిని తూచడం నేర్పితే జరిగేది ఇదే. పైన చెప్పిన కలగలుపు కార్డుల అవసరం ఇక్కడే.

అపోహ: చివర్లో అందరి చేతా ప్రతిజ్ఞ చేయించాలి.

వాస్తవం: అవసరం లేదు. తమ తరగతిలోనో, జట్టులోనో, క్లబ్బులోనో కొందరిని వెనక్కి నెట్టే నియమం ఒకటి వెతికి కాగితం మీద రాయమనండి: ప్రయాణం ఖర్చు ఎవరు పెట్టుకోవాలి, సమావేశం ఏ వేళకు పెడుతున్నారు, జట్టును ఎవరు ఎంపిక చేస్తున్నారు. రెండు వారాల తర్వాత అదే కాగితం తీసి, ఏం మారిందో అడగండి.