బోర్డు చదివి అనుమతి ఇవ్వవచ్చా?

ప్రకటనల బోర్డుల వెనక చెత్త పేరుకుంటుంది, దానికి నిప్పంటుకుంటుంది, దొంగలూ పోకిరీలూ అక్కడే నక్కుతారు. 1917లో అమెరికా సుప్రీంకోర్టులో షికాగో నగరం నెగ్గిన వాదన ఇది. నివాస వీధిలో బోర్డు పెట్టాలంటే రోడ్డుకు రెండువైపులా ఉన్న స్థలాల్లో సగానికి పైగా భాగం యజమానులు రాతపూర్వకంగా ఒప్పుకోవాలన్నది అక్కడి నిబంధన. బోర్డుల వ్యాపారం చేసే థామస్ క్యూసాక్ కంపెనీ దాన్ని సవాలు చేసి ఓడిపోయింది. నగరాల అసలు బాధ బోర్డుల అందవికారమే కావచ్చు. కానీ అందం కోసం ఆస్తి హక్కును కట్టడి చేస్తామంటే ఆ రోజుల్లో కోర్టులు సులువుగా ఒప్పుకునేవి కావు. అందుకే నిప్పూ దొంగలూ సాక్ష్యానికి వచ్చారు. ఊరు అందంగా ఉండాలనుకోవడం కూడా ప్రజాప్రయోజనమేనని సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది 1954లో.

అప్పటికి బోర్డులు వీధులు దాటి హైవేల మీదికి వచ్చేశాయి. అధ్యక్షుడు లిండన్ జాన్సన్ భార్య లేడీ బర్డ్ పట్టుబట్టి తెప్పించిన 1965 నాటి హైవే సుందరీకరణ చట్టం, ప్రధాన రహదారుల అంచు నుంచి 660 అడుగుల దాకా బోర్డులను నియంత్రించింది. వ్యాపార, పారిశ్రామిక జోన్లకు మాత్రం మినహాయింపు ఇచ్చింది. ఆ ఒక్క మినహాయింపే చట్టానికి చిల్లు పెట్టింది. జోన్ ఏదో నిర్ణయించేది స్థానిక సంస్థలే కాబట్టి, దుకాణం ఒక్కటీ లేని పొలాల వెంట సన్నటి పట్టీని వ్యాపార జోన్‌గా రాసేస్తే చాలు, బోర్డుకు దారి దొరికినట్లే. బోర్డుల కోసమే సృష్టించిన జోన్‌ను గుర్తించబోమని ఫెడరల్ నిబంధనల్లో ప్రత్యేకంగా రాయాల్సి వచ్చిందంటే, ఈ ఎత్తు ఎంతగా పనిచేసిందో ఊహించుకోవచ్చు.

పాత బోర్డులకు కొన్నేళ్ల గడువిచ్చి, ఆ తర్వాత పైసా చెల్లించకుండా తీయించడం నగరాల చేతిలో ఉన్న మరో ఆయుధం. ఈ హైవేల వెంట స్థానిక జోనింగ్ (ఏ స్థలాన్ని దేనికి వాడాలో చెప్పే నిబంధనలు) కింద తొలగించినా నగదు పరిహారం ఇవ్వాల్సిందేనని 1978 సవరణ తేల్చడంతో అదీ మొద్దుబారింది. బోర్డులను తగ్గించడానికి పుట్టిన చట్టం చివరికి నిలబడి ఉన్న బోర్డులకే కంచె అయింది. కొత్తవాటికి అనుమతి దొరకని చోట పాత బోర్డు యజమాని దాన్ని ఎందుకు వదులుకుంటాడు?

తర్వాత గొడవ స్థలం నుంచి రాతకు, అంటే వాక్‌స్వాతంత్ర్యానికి మారింది. కాలిఫోర్నియాలోని శాన్‌డియాగో నగరం బోర్డులపై పెట్టిన నిషేధం, తన ఆవరణలోని సరుకు గురించి వ్యాపారి పెట్టుకున్న బోర్డును అనుమతించి, అదే చోట వ్యాపారేతర సందేశాలను చాలావరకు కాదంది. 1981లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. న్యాయమూర్తులు తలో తీర్పూ రాయడంతో, ఇది బైబిల్లో ఎవరి మాట ఎవరికీ అర్థం కాని బాబెలు గోపురంలా ఉందని వారిలో ఒకరైన జస్టిస్ రెన్‌క్విస్ట్ విసుక్కున్నారు.

అరిజోనాలోని గిల్బర్ట్ పట్టణం మరీ తమాషా. సొంత భవనం లేని చిన్న చర్చి, ఆదివారం ఆరాధన ఎక్కడో చెప్పడానికి రోడ్ల పక్కన బోర్డులు పెట్టేది. పట్టణ నిబంధనల ప్రకారం అలా దారి చూపే బోర్డు ఆరు చదరపు అడుగులు మించకూడదు, కార్యక్రమానికి 12 గంటల ముందు పెట్టి, ముగిసిన గంటలోపు తీసేయాలి. అంటే ఉదయం తొమ్మిదింటి ప్రార్థనకు బోర్డు పెట్టేది రాత్రి తొమ్మిదికి, చీకట్లో! రాజకీయ బోర్డుకు 32 చదరపు అడుగుల దాకా వీలుంది, సిద్ధాంతపరమైన బోర్డుకు గడువే లేదు. 2015లో తొమ్మిది మంది న్యాయమూర్తులూ చర్చి పక్షానే నిలిచారు. బోర్డు మీది విషయాన్ని బట్టి నిబంధన మారితే అది కోర్టుల అత్యంత కఠినమైన రాజ్యాంగ పరీక్షకు నిలబడాలని జస్టిస్ థామస్ రాశారు.

బోర్డు కంపెనీలు ఆ తీర్పును అందిపుచ్చుకున్నాయి. డిజిటల్ తెర మీద కొన్ని సెకన్లకో ప్రకటన మారుతుంది, ఒక్క స్తంభం మీద ఎందరో అద్దెదారులు. టెక్సస్‌లోని ఆస్టిన్ నగరం ఆవరణలోని వ్యాపారాల సొంత బోర్డులను డిజిటల్‌కు మార్చుకోనిచ్చింది. వేరే చోటి వ్యాపారాన్ని ప్రకటించే పాత బోర్డులకు మాత్రం 2017లో కాదంది. ఆవరణలోదో కాదో తెలియాలంటే బోర్డు చదవాలి కదా, అదే రాతపై ఆంక్ష అని రీగన్ నేషనల్ కంపెనీ వాదన. అప్పీలు కోర్టు ఒప్పుకుంది. 2022 ఏప్రిల్ 21న సుప్రీంకోర్టు 6–3 మెజారిటీతో ఆ తీర్పును తిప్పేసింది. చదవడం చోటు తేల్చడానికే అయితే అది భావంపై ఆంక్ష కాదని జస్టిస్ సోటోమయోర్ రాశారు. నాకూ ఇదే సబబనిపిస్తుంది. లేకపోతే దేశంలోని వేలాది జోనింగ్ కోడ్‌లు ఒక్కసారిగా చిక్కులో పడేవి. థామస్ మాత్రం గిల్బర్ట్ కేసులో తాను రాసినదానికే కట్టుబడి అసమ్మతి తీర్పు రాశారు.