ఏ గ్రూపు తీసుకుంటావురా?

చిరంజీవులు పెద్దోడికి, చిట్టితల్లికి తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్లో టెన్త్ అయ్యాక ఏ గ్రూపురా అంటే 'ఎంపీసీ తాతయ్యా' అన్నాడు పెద్దోడు. ఎందుకురా అంటే 'మా క్లాసులో అందరూ అదే' అన్నాడు. ఇది ఫోన్లో తేలే సంగతి కాదని ఉత్తరం రాస్తున్నాను.

నేను లెక్చరర్‌గా ఉన్నప్పుడు ఏటా అడ్మిషన్ల బల్ల దగ్గర కూర్చునేవాడిని. 'ఏ గ్రూపమ్మా?' అని పిల్లల్ని అడిగితే తండ్రులు జవాబు చెప్పేవాళ్ళు. ఒకసారి ఒకమ్మాయి వచ్చింది. లెక్కల్లో నూటికి తొంభై ఎనిమిది. బాబాయి కూతురు డాక్టరయిందట, అందుకని వాళ్ళ నాన్న బైపీసీ అన్నాడు. దరఖాస్తులో గ్రూపు రాసే గడి దగ్గర పెన్ను ఆపి ఆ పిల్ల నా వంక చూసింది. వెనక లైను చాంతాడంత ఉంది. 'త్వరగా రాయమ్మా' అన్నాను. రాసేసింది. ఆ ఒక్క నిమిషం ఆగి, నీకేం ఇష్టమమ్మా అని అడగాల్సింది. ఇప్పటికీ ఆ చూపు గుర్తొస్తే మనసు చివుక్కుమంటుంది.

అసలు మనకు ఇష్టాలు ఎక్కణ్ణుంచి వస్తాయో చూడండి. 1946లో గుంటూరుకు మెడికల్ కాలేజీ వచ్చింది. మా ఇళ్ళలో తెలివైన పిల్లాడంటే డాక్టరే అయ్యాడు. 1977లో విజయవాడలో సిద్ధార్థ ఇంజనీరింగ్ కాలేజీ పెట్టారు. ఆ తర్వాత వీధికో ఇంజనీరు, అటుపైన ఇంటికో అమెరికా. కళ్ళెదుట కనబడిన చదువే గొప్ప చదువనిపిస్తుంది. చిట్టితల్లీ, ఆడపిల్లలకైతే ఏ కోర్సు అన్నదానికంటే ముందు కాలేజీ ఎంత దూరం, హాస్టల్ ఎలాంటిది అని చూస్తారు. నాకు ఒళ్ళు మండేది అక్కడే.

కనబడని పనుల మాటేమిటి? మన మిర్చి యార్డులో '334' అంటారే, ఆ రకం పుట్టింది అమరావతి రోడ్డులోని లాం ఫారంలో, అంటే అక్కడి వ్యవసాయ పరిశోధన కేంద్రంలో. కొత్త రకం కోసం అక్కడ ఏం చేస్తారో తెలుసా? రేపు విచ్చుకోబోయే మిరప మొగ్గను చిన్న పట్టకారుతో మెల్లగా విప్పి, లోపలి కేసరాలు తీసేస్తారు. మర్నాడు పొద్దున్నే వేరే రకం పుప్పొడి అద్ది, తొడిమకు చీటీ కడతారు. గోరంత పువ్వు! చెయ్యి వణికితే పాడైపోతుంది. ఈ పనికి బైపీసీ మీదుగా అగ్రికల్చర్ బీఎస్సీకి వెళ్ళాలి. ఇళ్ళ ప్లాన్లు గీయాలనుంటే లెక్కలు వదలకూడదు. ఆ చదువుకు మీ విజయవాడలోనే 2008లో పెట్టిన స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ ఉంది. మీ క్లాసులో ఎంతమంది దాని గేటు చూశారు?

పెద్దోడా, ఎంపీసీ వద్దనను. అందరూ తీసుకుంటున్నారని మాత్రం తీసుకోకు. కార్తీకమాసం వనభోజనాలకు వస్తారుగా, ఒక రోజు ఎక్కువ ఉండేలా రండి. లాంలో అనుమతి నేను అడిగి ఉంచుతాను. మీ నాన్నను కూడా తీసుకురండి.

మీ తాతయ్య,
గుంటూరు