చాక్లెట్ గుండెకు మంచిదన్న మాట ఎక్కడ పుట్టింది?

రోజూ చిన్న ముక్క డార్క్ చాక్లెట్ తింటే బీపీ తగ్గుతుందనే వాట్సాప్ మెసేజ్ నల్లగొండ, మిర్యాలగూడ, పాలమూరు ఫోన్లలో తిరుగుతూనే ఉంటుంది. అది పూర్తిగా అబద్ధమేం కాదు. కాకపోతే అసలు కథ మొదలైంది చాక్లెట్‌తో కాదు, ఒక పానీయంతో.

పనామా దేశ తీరంలో శాన్ బ్లాస్ దీవులున్నాయి. అక్కడి కూనా ఆదివాసీలకు వయసు మీదపడినా బీపీ పెరగడం లేదు. హార్వర్డ్ వైద్యుడు నార్మన్ హాలెన్‌బర్గ్ 1990లలో దీని సంగతేంటో తేల్చాలని వెళ్లారు. ఉప్పు తక్కువ తింటారా అంటే అదీ లేదు. వంశంలోనే ఉందా అంటే, అదే జనం పనామా సిటీకి వలసపోతే అందరిలాగే బీపీ వస్తోంది. వలసలు చూసిన పాలమూరుకు ఇది వేరే చెప్పాలా, ఊరు మారితే కంచంలో తిండీ మారుతుంది. దీవుల్లో వాళ్లు రోజూ కప్పుల కొద్దీ కోకో, అంటే చాక్లెట్ తయారయ్యే గింజలతో చేసే పానీయం, తాగేవారు. పట్నం వెళ్లినవాళ్లకు ఆ అలవాటు బాగా తగ్గింది. దాంతో అందరి చూపూ కోకో మీద పడింది.

కోకో గింజల్లో సహజంగా ఉండే ఫ్లేవనాల్స్ అనే పదార్థాల వల్ల రక్తనాళాలు కాస్త సడలుతాయి. ఎంత? 35 ప్రయోగాలను కలిపి చూసిన 2017 నాటి కోక్రేన్ (వైద్య పరిశోధనలను జల్లెడ పట్టే సంస్థ) సమీక్షలో బీపీ సగటున 2 పాయింట్ల లోపే తగ్గింది. దాన్ని నమ్ముకొని బీపీ గోళీ మానేస్తే ప్రమాదమే.

2022లో కాస్మోస్ అనే పెద్ద అధ్యయనం ఫలితాలొచ్చాయి. అమెరికాలో 21 వేల మందికి పైగా పెద్దవాళ్లతో చేశారు. సగం మందికి రోజుకు 500 మిల్లీగ్రాముల కోకో ఫ్లేవనాల్స్ ఇచ్చారు. గుండెపోటు, పక్షవాతం లాంటివన్నీ కలిపి చూస్తే లెక్కలోకి వచ్చేంత తగ్గుదల కనిపించలేదు. గుండెజబ్బు మరణాలు మాత్రం 27 శాతం తగ్గాయి. అయితే అది అధ్యయనం ప్రధానంగా వెతికిన జవాబు కాదు. పైగా ఇచ్చింది చాక్లెట్ కాదు, గోళీలు. చాక్లెట్ కంపెనీ మార్స్ ఈ అధ్యయనానికి సాయం చేసిందన్నదీ గుర్తుంచుకోవాలి.

మన కిరాణం ఫ్రిజ్‌లో దొరికేది ఎక్కువగా మిల్క్ చాక్లెట్. అందులో దాదాపు సగం చక్కెరే, కోకో తక్కువ. డార్క్ చాక్లెట్ కొంత నయమే గానీ, గింజల్ని పులియబెట్టి, వేయించి, కొన్నిసార్లు చేదు తగ్గడానికి క్షారంతో శుద్ధి చేసేసరికి ఫ్లేవనాల్స్ చాలావరకు పోతాయి. ఎన్ని మిగిలాయో రేపర్ మీద సాధారణంగా రాయరు. షుగర్ ఉన్నవాళ్లు చాక్లెట్‌లోని చక్కెర సంగతి ఇంకా గుర్తుంచుకోవాలి.

అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2023లో గుండెకు మేలు చేయవచ్చని ప్యాకెట్ మీద రాసుకునేందుకు అనుమతిచ్చింది. అదీ ఆధారాలు చాలా పరిమితమన్న షరతుతో, ఫ్లేవనాల్స్ ఎక్కువున్న కోకో పొడికి. మామూలు చాక్లెట్‌కు ఆ అనుమతి వర్తించదు.